కార్మికబంధువు శ్రీ వి. వి. గిరి

ఉగాదికి కురుడుమలె వినాయకుని దర్శించి, మన కష్టసుఖాలు విన్నవించుకొని వస్తాము. గుడిలో మొర వినడానికి దేవుడున్నాడు. మరి పనిచేసే చోట మొర వినేదెవరు? ఆ ప్రశ్నకు జవాబు వెదకుతూ జీవితమంతా గడిపిన తెలుగువారు శ్రీ వరాహగిరి వెంకటగిరి గారు.

ఆయన 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురంలో జన్మించారు. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. ఐరిష్ స్వాతంత్ర్యోద్యమంతో సంబంధం పెట్టుకొన్నందువల్ల 1916లో ఆ దేశం విడువవలసి వచ్చింది. స్వదేశానికి వచ్చి వకీలు వృత్తి చేపట్టినా, ఆయన మనస్సు కూలివాని వైపే మొగ్గింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచి, పని పోయినవారి పక్షాన 1928లో శాంతియుతంగా సమ్మె నడిపించారు.

అది మన బంగారు గనులలోనూ అశాంతి రగులుతున్న కాలమే. 1930లో వేలిముద్రలు వేయమన్నందుకు గని కార్మికులు పని మానివేశారు. మొర చెప్పుకొనే చోటు లేనప్పుడు, చెప్పవలసిన మాట సమ్మెగా మారుతుందని మన పెద్దలకు అనుభవమే.

1937లో గిరిగారు బొబ్బిలి రాజాను ఎన్నికలలో ఓడించి, మద్రాసు రాష్ట్రానికి కార్మిక మంత్రి అయ్యారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి పదవి లభించింది. తగవులన్నిటినీ నిర్బంధంగా న్యాయాధికారుల ముందుకు లాగడం ఆయనకు నచ్చలేదు. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకోవాలని, ప్రభుత్వం రాజీకి తోడ్పడాలని ఆ యేడు నైనిటాల్‌లో జరిగిన కార్మిక మహాసభలో వాదించారు. అయినా 1954లో బ్యాంకు ఉద్యోగుల విషయమై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే సవరించగా, మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. తీర్పుల మార్గం తనకు ఇష్టం కాకపోయినా, ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే మన్నించకుంటే కార్మికుడు మరెవరిని నమ్ముతాడు? ఆయన గొప్పతనమంతా మాకు ఇక్కడే కనిపిస్తుంది.

1965లో గిరిగారు మన మైసూరు రాష్ట్రానికి గవర్నరుగా వచ్చారు. ఆ యేడే ఛాంపియన్ రీఫ్ గని లోతులలో అమర్చిన పరికరాలతో శాస్త్రజ్ఞులు ఆకాశం నుండి వచ్చే న్యూట్రినోల జాడ పట్టుకొన్నారు. ఆ భూగర్భ ప్రయోగశాలకు చోటిచ్చిన సొరంగాలు గని కార్మికుల చెమటతో తవ్వినవే. 1969లో రాష్ట్రపతియై, 1975లో భారతరత్న పొంది, 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

2001లో గనులు మూతపడ్డాయి. నేడు మన పిల్లలు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పనులకు వెళుతున్నారు. ఫ్యాక్టరీ అయినా, ప్రయోగశాల అయినా, అన్యాయం ఎక్కడైనా అన్యాయమే. దానిని ఒంటరిగా దిగమింగవద్దు. తోటివారితో కలిసి, కాగితం మీద పెట్టి, ముందు యజమానికి చెప్పండి. అక్కడ వినకుంటే కార్మిక శాఖ అధికారి వద్దకు వెళ్లండి. గిరిగారి జీవితం మనకు నేర్పేది ఇదే.

పాఠకులందరికీ ఉగాది శుభాకాంక్షలు.