వెదురు తూనీగ

గోదావరి తీరవాసులకు వెదురును ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు. పాపికొండల అడవులలో నరికిన వెదురును తెప్పలుగా కట్టి, పట్టిసీమ వీరభద్రస్వామి వెలసిన గుట్టను ఒరుసుకుంటూ సాగే ప్రవాహం మీదుగా దిగువన ఉన్న రాజమహేంద్రవరానికి చేర్చిన కాలం ఒకటి ఉండేది. పెండ్లిపందిరికి, పూరింటి కప్పుకు, పడవ గడకు, నిచ్చెనకు, తట్టకు, తడికకు వెదురే ఆధారం. పట్టువస్త్రం సంగతి చెప్పనే అక్కరలేదు. మనకు ఇంతగా అలవాటైన ఈ రెండు వస్తువులనూ జోడించి, మనిషిని మోసుకొని ఆకాశాన ఎగిరే యంత్రాన్ని నిర్మించిన వ్యక్తి ఒకడున్నాడు. నిర్మించి ఊరుకోక, దాని కొలతలన్నింటినీ లోకానికి ఉచితంగా అందించాడు. ఆయన పేరు ఆల్బెర్టో శాంటోస్ డ్యూమాంట్.

ఆయన బ్రెజిల్ దేశంలోని మినాస్ జెరైస్ ప్రాంతంలో 1873 జులై 20న జన్మించాడు. తండ్రి హెన్రిక్ డ్యూమాంట్ ఇంజనీరు. ఆ తరువాత కాఫీ తోటల పెంపకంలో అపారమైన సంపద గడించాడు. ఆ తోటలు ఎంత విశాలమైనవంటే, కాఫీ గింజలను తరలించడానికి వాటిలో సొంత రైలు మార్గమే ఉండేది. పన్నెండేళ్ళు నిండేసరికే బాలుడు ఆ రైలు ఇంజన్లను నడపడం నేర్చాడు. తీరిక వేళల్లో జూల్ వెర్న్ నవలలు చదివి ఊహాలోకాలలో విహరించేవాడు. తోటి పిల్లలతో ఆయన ఆడిన ఒక ఆట మన పిల్లలకూ తెలిసినదే. ఒకరు వరుసగా పావురం ఎగురుతుందా, కాకి ఎగురుతుందా అని అడుగుతూ పోతే, ఎగిరేదాని పేరు వచ్చినప్పుడల్లా మిగిలినవారు వేలు పైకెత్తాలి. నడుమ మనిషి ఎగురుతాడా అని అడిగితే ఆల్బెర్టో తప్పక వేలెత్తేవాడట. అందరూ నవ్వి జరిమానా కట్టమన్నా కట్టేవాడు కాడు.

తండ్రి ప్రమాదానికి గురై పక్షవాతం పాలయ్యాడు. తోటలు అమ్మివేసి, 1892లో కుమారునికి అతని భాగం ఆస్తి అప్పగించి, పారిస్ వెళ్ళి భౌతిక, రసాయన, విద్యుత్, యంత్ర శాస్త్రాలను అభ్యసించమన్నాడు. ప్రపంచ భవిష్యత్తు యంత్రశాస్త్రంలోనే ఉన్నదని, బ్రతుకుతెరువు కోసం పాటుపడవలసిన అవసరం అతనికి లేదని బోధించాడు. ఆ ఏడాదే ఆయన కన్నుమూశాడు. పందొమ్మిదేళ్ళ కొడుకు చేతిలో ధనమున్నది, అడ్డుచెప్పేవారు లేరు. చెడిపోవడానికి ఇంతకంటె అనువైన పరిస్థితి మరొకటి ఉండదు. ఆల్బెర్టో మాత్రం ఆ ధనాన్ని పట్టుబట్ట మీద, వెదురు మీద, ఇంజన్ల మీద వెచ్చించాడు.

1898లో ఆయన తయారు చేయించిన మొదటి బెలూనుకు తన మాతృదేశం పేరే పెట్టుకొన్నాడు. దాని పరిమాణం 113 ఘనపు మీటర్లు మాత్రమే. అంత చిన్న బెలూను మనిషిని మోయలేదని తయారీదారులు మొదట సందేహించారు. జపాను నుండి వచ్చిన సన్నని పట్టును ఆయన ఎంచుకొన్నాడు. వార్నిష్ పూయకముందు ఆ పట్టు బరువు మూడున్నర కిలోలే. ఆ బెలూను ఎగిరింది. బలం పేరిట బరువు పెంచనక్కరలేదన్న ఈ పాఠాన్ని ఆయన జీవితాంతం మరువలేదు.

తరువాత గాలి ఎటు వీస్తే అటు పోయే బెలూనుకు ఇంజను అమర్చి, తాను కోరిన దిక్కుకు నడిపే ప్రయత్నాలు ప్రారంభించాడు. సెయింట్ క్లౌడ్ నుండి బయలుదేరి ఈఫిల్ గోపురాన్ని చుట్టి అరగంటలో తిరిగి వచ్చినవారికి లక్ష ఫ్రాంకుల బహుమతిని ఆ రోజులలో ఒక సంపన్నుడు ప్రకటించి ఉన్నాడు. 1901 ఆగస్టు 8న శాంటోస్ డ్యూమాంట్ నడిపిన గాలినౌకలో హైడ్రోజన్ తగ్గిపోయి, అది ఒక హోటలు కప్పుకు తగిలి పగిలిపోయింది. గోడకు వేలాడుతున్న ఆయనను అగ్నిమాపక దళం వారు తాళ్ళతో పైకి లాగి రక్షించారు. వెంటనే కొత్త నౌకను సిద్ధం చేసి, అక్టోబరు 19న పందెం నెగ్గాడు. దిగడంలో కొన్ని సెకన్లు ఆలస్యమైనదని నిర్ణేతలు వివాదం రేపినా, చివరకు బహుమతి ఆయనకే దక్కింది. ఆ సొమ్ములో కొంత తన పనివారికి పంచి, మిగిలినది పారిస్ పేదలకు ఇచ్చివేశాడు. కూలీలు తాకట్టు పెట్టుకొన్న పనిముట్లను ఆ ధనంతో విడిపించారు. పేదవానికి రొట్టె ఇవ్వడం ఒక ఎత్తు, అతని పనిముట్టును అతని చేతికి తిరిగి ఇవ్వడం మరొక ఎత్తు.

1903 డిసెంబరు 17న అమెరికాలో రైట్ సోదరులు గాలికంటె బరువైన విమానంలో ఎగిరారు. అయితే వారు తమ యంత్రాన్ని కొన్ని సంవత్సరాలపాటు బహిరంగంగా ప్రదర్శించలేదు. అందుచేత 1906 అక్టోబరు 23న పారిస్ నగరంలోని బగతెల్ మైదానంలో శాంటోస్ డ్యూమాంట్ సుమారు 60 మీటర్లు ఎగిరినప్పుడు, చూచినవారికి అది అపూర్వమైన అద్భుతమే. నవంబరు 12న ఆయన 220 మీటర్లు ఎగిరాడు. పెట్టెగాలిపటాలను తలపించే రెక్కలతో, తోకను ముందుకు పెట్టుకొని, పైలట్ తట్టలో నిలుచుండగా సాగే ఆ విమానం వింతగానే ఉండేది. తొలి విమాన చోదకుడు తమవాడేనని బ్రెజిల్ ప్రజలు ఈనాటికీ వాదిస్తారు. రైట్ సోదరుల ప్రాథమ్యాన్ని చరిత్ర అంగీకరించింది. కాని శాంటోస్ డ్యూమాంట్ గొప్పదనం ఎవరు ముందన్న తగవులో లేదు. దానిని ఆ తరువాతి చిన్న విమానంలో చూడాలి.

1907లో మొదలుపెట్టి 1909 నాటికి ఆయన ఒక రూపానికి తెచ్చిన ఆ విమానం పేరు డిమోసెల్. ఫ్రెంచి భాషలో ఆ మాటకు కన్య అన్న అర్థమే కాక తూనీగ అన్న అర్థం కూడా ఉన్నది. చూపుకు అది అచ్చంగా తూనీగే. దేహమంతా మూడు పొడవైన వెదురు బొంగులు. వాటి నడుమ అడ్డుబద్దలు, వాటిని బిగించి పట్టే ఉక్కు తీగలు. బొంగులను మధ్యకు కోసి లోహపు గొట్టాలతో అతికినందువల్ల, అవసరమైనప్పుడు విడదీసి మోటారు కారుపై వేసుకొని పోవచ్చు. రెక్కలకు తేలికైన కొయ్య దూలాలు, వాటిపై వంచిన వెదురు బద్దలు, ఆ బద్దలపై బిగువుగా లాగి కప్పిన పట్టు. ఇక్కడ పట్టు అలంకారం కాదు. బట్ట వదులైతే గాలికి బుడగలా ఉబ్బి రెక్క ఆకారం చెడుతుంది, ఆకారం చెడితే గాలి పైకెత్తదు. వెదురును ఎన్నుకోవడంలోనూ ఇటువంటి వివేకమే ఉన్నది. లోపల డొల్లగా ఉండే బొంగు, అదే బరువు గల నిండుకర్ర కంటె వంపును ఎక్కువగా తట్టుకొంటుంది. కణుపులు దానిని నలగనీయవు. లోహపు గొట్టాలతో నేటి శిల్పులు సాధిస్తున్నదానిని ప్రకృతి వెదురులో ముందే సాధించి పెట్టింది.

రెక్కల వెడల్పు కొన నుండి కొనకు సుమారు 5 మీటర్లు, పొడవు సుమారు 8 మీటర్లు. పైలట్‌ను కూడా కలుపుకొన్నా మొత్తం బరువు 200 కిలోలు దాటేది కాదు. రెండు సిలిండర్ల ఇంజను రెక్కల మీద ఉంటే, పైలట్ దాని క్రింద, రెండు చక్రాల నడుమ బిగించిన కాన్వాసు పట్టెపై కూర్చునేవాడు. ఆయన కోటు వీపున కుట్టిన గొట్టంలో ఒక మీట దూరి ఉండేది. దేహాన్ని ఎడమకో కుడికో వంచితే ఆ మీట తీగలను లాగి రెక్కల కొసలను మెలిపెట్టేది. ఆ విధంగా విమానాన్ని ఆయన దాదాపు చొక్కావలె తొడుక్కొన్నాడు. ఐదడుగులు మాత్రమే ఉండే పొట్టి మనిషి, బరువు సుమారు 50 కిలోలు, కాబట్టి ఆయనకు అది సరిపోయింది. భారీకాయుల సంగతి వేరు. 1909 సెప్టెంబరులో సెయింట్ సీర్ నుండి బ్యూక్ వరకు సుమారు 8 కిలోమీటర్ల దూరాన్ని ఆయన ఈ తూనీగపై దాటాడు.

ఆ రోజులలో విమానకర్తలు పేటెంట్ల కోసం న్యాయస్థానాలకెక్కుతున్నారు. రైట్ సోదరులు తమ హక్కుల రక్షణకు చేసిన పోరాటం వారి కాలాన్నీ శక్తినీ హరించింది. శాంటోస్ డ్యూమాంట్ డిమోసెల్‌పై ఏ హక్కునూ కోరలేదు. 1910లో పాపులర్ మెకానిక్స్ అనే అమెరికా మాసపత్రిక దాని నక్షాలను, కొలతలను సవివరంగా ప్రచురించింది. వడ్రంగం, కుట్టుపని తెలిసిన ఔత్సాహికుడు ఎవరైనా ప్రయత్నించడానికి వీలు కలిగింది. క్లెమెంట్ బాయార్డ్ సంస్థ పదుల సంఖ్యలో ఈ విమానాలను నిర్మించింది. 1913లో మధ్యధరా సముద్రాన్ని దాటి ఎగిరిన రోలాండ్ గారోస్ విమాన విద్యను ఆరంభించినది దీనిమీదనే. పారిస్ టెన్నిస్ మైదానానికి ఉన్నది ఆయన పేరే. 1910 మార్చిలో, నాడు గోదావరి జిల్లాకు కూడా రాజధాని అయిన మద్రాసులో, డి ఏంజలిస్ అనే హోటలు యజమాని సొంత నమూనాపై సింప్సన్ సంస్థ చేత విమానం కట్టించి పల్లావరంలో ఎగిరాడు. ఆ విమానానికి డిమోసెల్‌తో సంబంధం లేదు. ఆకాశం కొద్దిమంది సొత్తు కాదన్న నమ్మకం మాత్రం ఆ ఏడాది ఖండాంతరాలలో వ్యాపించి ఉండింది.

ఆ 1910 జనవరిలోనే డిమోసెల్ తీగ ఒకటి తెగి ఆయన నేలకూలాడు. ప్రాణం దక్కింది. ఆ తరువాత ఆయన మళ్ళీ విమానం నడపలేదు. నాడీమండలానికి సంబంధించిన వ్యాధి సోకినట్లు వైద్యులు నిర్ధారించారు. సముద్రతీరాన నివాసం ఏర్పరచుకొని నక్షత్ర వీక్షణంలో కాలం గడుపుతుండగా 1914లో యుద్ధం వచ్చింది. విదేశీయుడు, చేతిలో దూరదర్శిని. ఆయన జర్మనీ గూఢచారి అని ఇరుగుపొరుగు అనుమానించారు. ఫ్రెంచి పోలీసులు ఇల్లు సోదా చేశారు. తాను ప్రాణప్రదంగా ప్రేమించిన దేశం చేసిన ఈ అవమానం భరించలేక తన పత్రాలను, చిత్రపటాలను ఆయన తగులబెట్టాడు. ఇంటిలో దాచుకొన్న కాగితాలు ఇలా బూడిద కాగా, ఊరికి పంచిపెట్టిన డిమోసెల్ నక్షాలు మాత్రం వేలాది ప్రతులలో భద్రంగా మిగిలాయి.

యుద్ధంలో విమానాలు బాంబులు మోశాయి. ఆ పాపంలో తనకూ భాగమున్నదని ఆయన కుమిలిపోయాడు. నక్షాలు అందరికీ ఇచ్చినవాడు వాటిని ఎవరి వద్దనుండీ తిరిగి తీసుకోలేడు కదా. 1926లో విమానాలను యుద్ధంలో వాడకుండా నిషేధించమని నానాజాతి సమితికి విన్నవించుకొన్నాడు. ఫలితం శూన్యం. 1928 డిసెంబరులో ఆయన ఓడపై స్వదేశానికి చేరుతున్నప్పుడు, స్వాగతం పలకడానికి ఆయన పేరే పెట్టుకొన్న సముద్ర విమానమొకటి రియో ఆకాశంలోకి లేచి, కళ్ళెదుటే కూలిపోయింది. అందులోనివారెవరూ బ్రతకలేదు. సన్మానాలన్నీ రద్దు చేయించి, ఆయన మృతుల అంత్యక్రియలకు హాజరయ్యాడు.

1932 జులైలో బ్రెజిల్‌లో అంతర్యుద్ధం చెలరేగింది. ఒకే దేశపు బిడ్డలు ఒకరిపైనొకరు విమానాల నుండి బాంబులు వేసుకొన్నారు. అప్పటికే వ్యాధితో, మనోవ్యథతో కృశించిన శాంటోస్ డ్యూమాంట్ గ్వారుజా సముద్రతీరంలోని ఒక హోటలులో ఉన్నాడు. జులై 23న తన జీవితాన్ని తానే ముగించుకొన్నాడు. నిజమైన మరణకారణాన్ని అధికారులు చాలాకాలం బయటపెట్టలేదు. వారం రోజుల తరువాత, ఆయన జన్మస్థలమైన పల్మీరా పట్టణానికి శాంటోస్ డ్యూమాంట్ అని పేరు మార్చారు.