దోమ జాడ వదలని సోపర్

వ్యాధికారక దోమ కొత్త ప్రాంతంలో అడుగుపెట్టినప్పుడు తొలి రోజులే కీలకం. ఆ రోజులు చేజారితే ఏమవుతుందో అమెరికా వైద్యుడు ఫ్రెడ్ సోపర్ జీవితం చెబుతుంది.

సోపర్ 1893లో కాన్సస్ రాష్ట్రంలో జన్మించారు. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌లో చేరి 1920లో బ్రెజిల్ వెళ్లారు. 1930 మార్చిలో ఆయన సహచరుడు, కీటక శాస్త్రవేత్త రేమండ్ షానన్ నటాల్ నగరంలో అనాఫిలిస్ గాంబియే దోమ లార్వాలను కనుగొన్నారు. అది ఆఫ్రికా దోమ. అమెరికా ఖండాల్లో అంతకుముందెన్నడూ కనిపించనిది. డకార్ నుంచి వచ్చే వేగవంతమైన నౌకల్లో అది సముద్రం దాటి ఉంటుందని భావించారు. కట్టలు తెరిచి ఉప్పునీటిని పారిస్తే లార్వాలు నశిస్తాయని సోపర్ సూచించారు. అధికారులు అంగీకరించలేదు.

నటాల్‌లో మలేరియా విజృంభించింది. నియంత్రణ చర్యలతో నగరంలో దోమ కనుమరుగు కాగానే ఆందోళన చల్లారింది. కానీ దోమ తీరం వెంట నిశ్శబ్దంగా పాకింది. 1938లో జాగ్వారిబీ నదీలోయలో లక్ష మందికి పైగా మలేరియా బారిన పడగా, వేలమంది మరణించారు.

1939లో బ్రెజిల్ ప్రభుత్వం, ఫౌండేషన్ కలిసి ప్రత్యేక మలేరియా విభాగాన్ని నెలకొల్పాయి. సోపర్ పర్యవేక్షణలో వేలాది సిబ్బంది రంగంలోకి దిగారు. ప్రతి తనిఖీదారుకూ నిర్ణీత ప్రాంతం, పటం, వేళల పట్టిక ఉండేవి. నీటి గుంటల్లో ప్యారిస్ గ్రీన్ పొడి చల్లారు; ఇళ్లలో, సోకిన ప్రాంతం దాటే వాహనాల్లో పైరెత్రమ్ మందు కొట్టారు. 1940 చివరికి గాంబియే జాడ లేకుండా పోయింది. ఈజిప్టులోకి చొరబడిన అదే దోమను 1945 నాటికి ఇదే పద్ధతిలో తుదముట్టించారు.

1947 నుంచి 1959 వరకు సోపర్ అమెరికా ఖండాల ఆరోగ్య సంస్థకు సారథ్యం వహించారు. ఈడిస్ ఈజిప్టై దోమను పలు దేశాల నుంచి తరిమారు. 1960ల ఆరంభంలో ఢాకాలోని కలరా పరిశోధనశాలకు నేతృత్వం వహించారు. 1977లో కన్నుమూశారు. మలేరియాను ప్రపంచమంతటా రూపుమాపాలన్న ఆయన ఆశ నెరవేరలేదు. నిఘా సడలిన దేశాలకు ఈడిస్ తిరిగివచ్చింది. వెంట డెంగీ వచ్చింది.

నేడు ప్రయాణిస్తున్నది మన దోమే. భారత నగరాల్లో మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ స్టెఫెన్సీ 2012లో జిబూటీలో, 2016లో ఇథియోపియాలో కనిపించింది. 2016లో మలేరియా రహిత దేశంగా గుర్తింపు పొందిన శ్రీలంకలోనూ కొద్దికాలానికే బయటపడింది. ఒక ఊళ్లో దోమ కనిపించకపోతే పొరుగూళ్లోనూ వెతకాలన్నది నటాల్ నేర్పిన పాఠం.