పగడాలపై కెమెరా నిలిపిన విలియం సావిల్-కెంట్

ఇంటి అక్వేరియంలో పెరుగుతున్న పగడాలను ఫొటో తీయాలనుకునేవారికి మొదట ఎదురయ్యే సందేహం పరికరాల గురించే. ఏ కెమెరా కొనాలి, ఏ లెన్స్ వాడాలి, స్టాండ్ అవసరమా అన్న ప్రశ్నలు వారిని తికమక పెడతాయి. 1890 ప్రాంతంలో ఇవే ప్రశ్నలకు సముద్రతీరంలో నిలబడి సమాధానం వెతికిన శాస్త్రవేత్త విలియం సావిల్-కెంట్.

ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో ఉన్న సిడ్మత్‌లో 1845లో ఆయన జన్మించారు. బాల్యం సుఖంగా సాగలేదు. 1860లో మూడేళ్ల సవతి తమ్ముడు ఇంటి ఆవరణలోనే హత్యకు గురయ్యాడు. అయిదేళ్ల తరువాత సోదరి కాన్‌స్టన్స్ నేరం అంగీకరించి, ఇరవై సంవత్సరాలు కారాగారంలో గడిపారు. దేశమంతా చర్చించుకున్న ఆ విషాదం కుటుంబాన్ని జీవితాంతం వెంటాడింది.

ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ వద్ద చదువుకున్న సావిల్-కెంట్ తరువాత బ్రిటిష్ మ్యూజియంలో చేరారు. అక్కడ పగడాలు ఆయనకు పరిచయమైనది తెల్లని సున్నపు అస్థిపంజరాలుగానే. ప్రాణంతో ఉన్నప్పుడు కనిపించే రంగు, మెత్తని కండ, విచ్చుకునే స్పర్శకాలు ఆ గాజు బీరువాలలో ఉండవు. 1870లలో బ్రైటన్, మాంచెస్టర్ నగరాల అక్వేరియంలలో పనిచేయడంతో సముద్రజీవులను సజీవంగా గమనించే అవకాశం దక్కింది.

1884లో మత్స్యశాఖ అధికారిగా ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు వెళ్లారు. శిక్ష ముగిసిన సోదరి కూడా తరువాత ఆ దేశానికే చేరి, పేరు మార్చుకుని నర్సుగా సేవలందించారు. 1889లో క్వీన్స్‌లాండ్ మత్స్యశాఖ కమిషనర్ బాధ్యతలు చేపట్టిన సావిల్-కెంట్ ముత్యపు చిప్పలు, ఆల్చిప్పలు, సముద్ర దోసకాయల వేటను పరిశీలించేందుకు తీరమంతా పర్యటించారు. గ్రేట్ బారియర్ రీఫ్ ఆయన ఎదుట నిలిచింది ఆ పర్యటనలలోనే.

పగడాన్ని నీటిలోంచి పైకి తీస్తే ప్రాణం పోతుంది, రంగు పోతుంది. ఉన్నచోటనే ఫొటో తీయాలంటే నీటి తళుకు, అలల కదలిక అడ్డుపడతాయి. ఆనాటి కెమెరాలో రసాయనం పూసిన గాజు పలకలే ఫిల్ము. కెమెరా గానీ ఎదుటి దృశ్యం గానీ ఏమాత్రం కదిలినా చిత్రం చెదిరిపోయేది. అందుకే పెద్ద పాటు వేళ పగడపు దిబ్బలు బయటపడే కొద్ది సమయాన్ని ఆయన ఎంచుకున్నారు. కెమెరా నేరుగా కిందికి చూసేలా ప్రత్యేకమైన స్టాండ్‌పై అమర్చారు. నీరు తిరిగి పోటెత్తేలోగా పని పూర్తి కావాలి.

ఈ పద్ధతికి పరిమితి ఉంది. నీరు తీసిన వేళ పగడపు జీవులు ముడుచుకుంటాయి. పైగా చిత్రాలన్నీ నలుపు తెలుపులే. ఆ లోటును ఆయన తన కుంచెతో పూరించారు. 1893లో లండన్‌లో వెలువడిన గ్రేట్ బారియర్ రీఫ్ గ్రంథంలో 48 ఫొటో పలకలతో పాటు 16 రంగుల చిత్రపలకలు ఉన్నాయి. పగడపు దిబ్బల రూపాన్ని ఫొటోలతో అంత విస్తారంగా చూపిన తొలి గ్రంథాలలో అది ఒకటి.

ఆ చిత్రాల విలువ అందంతో ఆగిపోలేదు. ఏ చోట, ఏ కాలంలో తీసినదీ నమోదు చేయడంతో అవి సాక్ష్యాలయ్యాయి. థర్స్‌డే దీవి వద్ద ఆయన కొలిచిన పగడాలను 1913లో అమెరికా శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ మేయర్ తిరిగి కొలిచి, వాటి ఎదుగుదలను లెక్కగట్టారు. బోవెన్ పట్టణం సమీపంలోని స్టోన్ దీవి వద్ద తీసిన ఫొటోలను పట్టుకుని నేటితరం పరిశోధకులు అదే చోటికి వెళ్లి, దిబ్బ ఎంత మారిందో పోల్చి చూశారు.

ఆయన 1908 అక్టోబరు 11న ఇంగ్లండ్‌లో కన్నుమూశారు. మిల్ఫర్డ్-ఆన్-సీ గ్రామంలోని సమాధిని పగడపు అస్థిపంజరాలతో అలంకరించారు.

నేటి అక్వేరియం ప్రియులకు మాక్రో లెన్స్‌లు, రంగులు పట్టే డిజిటల్ కెమెరాలు అందుబాటులో ఉన్నాయి. అయినా సావిల్-కెంట్ పాటించిన క్రమమే ఇప్పటికీ పనికి వస్తుంది. ఖరీదైన కెమెరాకన్నా ముందు కదలని స్టాండ్ సమకూర్చుకోవాలి. నీటిని తిప్పే పంపును కాసేపు ఆపి, లెన్స్‌ను అద్దానికి సూటిగా నిలపాలి. నీలి దీపాలు రంగులను మార్చేస్తాయి కనుక ఫొటో తీసేటప్పుడు తెల్లని వెలుగు పెంచాలి. చివరిగా తేదీ రాసి పెట్టుకోవాలి. నెలనెలా అదే కోణంలో తీసిన చిత్రాలు ఆ పగడం పెరుగుతున్నదో, క్షీణిస్తున్నదో చెప్పగలవు.