సి.పి. బ్రౌను: ఆంగ్ల పలుకుబడులకు తెలుగు వివరణ

ఆంధ్ర సాహిత్యోద్ధారకుడుగా చార్లెస్ ఫిలిప్ బ్రౌను సుప్రసిద్ధుడు. వేమన పద్యముల సేకరణ, ప్రాచీన కావ్యముల పరిష్కరణ, తెలుగు-ఇంగ్లీషు నిఘంటు రచన అనే మూడింటిపై పండితుల దృష్టి నిలిచినంతగా, ఆంగ్లం నేర్చే తెలుగువారి కోసం ఆయన చేసిన కృషిపై నిలువలేదు. ఆ కృషిని ఆయన జీవిత నేపథ్యంలో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశం.

బ్రౌను 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. 1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండుకు చేరింది. హెయిలీబరీ కళాశాలలో శిక్షణ పొంది, 1817 ఆగస్టులో బ్రౌను మద్రాసులో అడుగుపెట్టాడు. వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చి, 1820లో కడప కలెక్టరుకు సహాయకుడుగా నియుక్తుడయ్యాడు. కచేరీలో రైతులతో తెలుగులోనే వ్యవహరింపవలసి వచ్చింది. నిఘంటువులో అర్థం చూచినంత మాత్రాన వాక్యం బోధపడదనే సత్యం పరభాషాభ్యాసికి ఇటువంటి చోటనే అనుభవానికి వస్తుంది.

తెలుగులో ‘పడు’ ధాతువునే చూడుడు. వాన పడుట, భయపడుట, మాటపడుట, బయటపడుట అనే ప్రయోగములలో పతనార్థం ఒక్క మొదటి దానియందే స్పష్టం. ఆంగ్లంలో ‘పుట్’ అనే క్రియ స్థితి కూడ ఇట్టిదే. ఉంచుట దాని ముఖ్యార్థం. ‘ఆఫ్’ చేరిన వాయిదా వేయుట, ‘ఔట్’ చేరిన దీపం ఆర్పుట, ‘అప్ విత్’ చేరిన సహించుట అనే అర్థములు ఏర్పడుతున్నవి. ఆలంకారికుల పరిభాషలో ఇది రూఢిలక్షణకు దగ్గరి విషయం. కుశలుడనగా దర్భలు కోయువాడనే వ్యుత్పత్తి బాధితమై, నేర్పరి అనే అర్థం రూఢమైనట్లు మమ్మటుడు కావ్యప్రకాశంలో చూపినాడు. రూఢికి లోకవ్యవహారమే ప్రమాణం గనుక, పలుకుబడిని విడి పదములుగా కాక సమగ్ర వాక్యముగా నేర్పవలసి ఉంటుంది.

బ్రౌను ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఈ అవసరం తీర్చుటకే పుట్టింది. ఆంగ్ల పలుకుబడులను తెలుగులో వివరించుటయే దాని ప్రయోజనమని గ్రంథనామమే తెలుపుతున్నది. ఆంగ్లపదముల ఉచ్చారణను సైతం ఆయన అందులో చేర్చినాడు. 1852లో ప్రకటించిన ‘వాక్యావళి’ ప్రత్యేకించి ఉభయభాషల పలుకుబడుల అభ్యాసానికి ఉద్దేశింపబడింది. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో వ్యవహారభాషకూ కావ్యభాషకూ సమానంగా చోటిచ్చిన దృష్టియే ఈ గ్రంథములకును మూలం.

ఈ కృషి వెనుక కష్టములు లేకపోలేదు. కడపలో సొంత బంగళాలో పండితులను నియమించి, తన ధనంతోనే వారికి జీతములిచ్చి వ్రాతప్రతులను సిద్ధపరిపించాడు. అందువలన అప్పులపాలయ్యాడు. 1834లో ఉద్యోగం కోల్పోయి ఇంగ్లండుకు వెళ్లినాడు. అక్కడను ఊరక ఉండక, ఇండియా హౌసులోని దక్షిణదేశ వ్రాతప్రతులు మద్రాసుకు తరలివచ్చుటకు కారకుడయ్యాడు. తిరిగివచ్చి మద్రాసులో అనువాదకుడుగా పనిచేస్తూనే నిఘంటువులను ముగించాడు.

నాటి పాలనలో పలుకుబడి తెలియని అనువాదం కేవలం భాషాదోషంగా ముగిసేది కాదు. విచారణ వాయిదా పడినదనే ఆంగ్లవాక్యాన్ని, పదానికి పదం చూచుకొనే గుమాస్తా, అర్జీని తీసివేసి పక్కన ఉంచినారని చెప్పినచో, రైతు ఆశ వదలుకొని ఊరికి మరలిపోవును. వాయిదా దినమున అతడు హాజరు కాకపోవుటచే హక్కు పోవచ్చును. రాజ్యభాష ఒకటి, ప్రజలభాష మరొకటియైన చోట పలుకుబడి జ్ఞానం న్యాయానికి అంగమవుతుంది.

1855లో బ్రౌను లండను చేరి, తరువాత అచటి యూనివర్సిటీ కళాశాలలో తెలుగు ఆచార్యుడుగా పనిచేశాడు. 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు.

ప్రాచ్యకళాశాలల విద్యార్థులు ఆంగ్లానికి జంకుట నేటికీ కనిపిస్తున్నది. లక్షణావృత్తిని ఎరిగిన వారికి పలుకుబడి అపరిచితం కాదు. ముఖ్యార్థం ఎక్కడ బాధితమగుచున్నదో గుర్తించుట వారికి అలవాటైన పనియే. తెలుగు సమానోక్తిని పక్కనుంచి వాక్యమును వాక్యముగా నేర్పే బ్రౌను పద్ధతికి, మన అలంకారశాస్త్ర పరిజ్ఞానాన్ని జోడించి బోధించినచో ఆ జంకు తొలగుతుంది. ఈ దిశలో ‘వాక్యావళి’ని పునఃపరిశీలించుట అధ్యాపకుల కర్తవ్యం.