భూమిని కొలిచిన గ్రంథాలయాధిపతి – ఎరతోస్తనీసు

గ్రంథాలయములను సేవించి లోకమునకు మేలొనర్చిన మహనీయులలో ఎరతోస్తనీసు అగ్రగణ్యుడు. ఇతడు క్రీ.పూ. 276 ప్రాంతమున, నేటి లిబియా దేశమందలి కిరీని యను గ్రీకు పట్టణమున జన్మించెను. ఏథెన్సు నగరమున విద్య నభ్యసించెను. ఈజిప్టు నేలిన మూడవ టాలెమీ ఆహ్వానముపై అలెగ్జాండ్రియాకు వచ్చి, అచ్చటి సుప్రసిద్ధ గ్రంథాలయమునకు అధిపతి యయ్యెను. కవిత్వము, గణితము, ఖగోళము, చరిత్ర మొదలగువాని యన్నింట ఇతనికి ప్రవేశముండెను. దేనియందును ప్రథముడు కాడని కొందరు ఇతనిని ద్వితీయుడని పరిహసించిరట. గణితవేత్తలలో మేటి యగు ఆర్కిమెడీసు మాత్రము తన గ్రంథము నొకదానిని ఇతనిని సంబోధించియే వ్రాసెను.

ఇతని శాశ్వతకీర్తికి మూలము భూపరిధిని కొలుచుట. ఈజిప్టు దక్షిణభాగమున సయీను అను పట్టణము కలదు. అదియే నేటి అస్వాన్. సంవత్సరములో పగలు మిక్కిలి దీర్ఘమగు దినమున, మిట్టమధ్యాహ్నము అచ్చట నిలిపిన శంకువునకు నీడ పడదని ప్రసిద్ధి. అదే వేళ అలెగ్జాండ్రియాలో నీడ పడును. సూర్యకిరణములు సమాంతరములు గాన, ఈ భేదమునకు భూమి గుండ్రదనమే కారణమని ఎరతోస్తనీసు గ్రహించెను. నీడను బట్టి కోణమును గణింపగా అది వృత్తమున 50వ భాగమని తేలెను. రెండు పట్టణముల నడుమ దూరము 5,000 స్టేడియములు. దానిని 50చే గుణింపగా భూపరిధి 2,50,000 స్టేడియములయ్యెను. ఆనాటి స్టేడియము పొడవును గూర్చి పండితులలో భేదాభిప్రాయములు కలవు గాని, పద్ధతి మాత్రము నిర్దుష్టము. ప్రపంచ పటముపై అడ్డముగను నిలువుగను రేఖలు గీచి స్థలములను నిర్ణయించుటకును ఇతడు దారి చూపెను.

నేడు దూరస్థములగు రెండు విమానాశ్రయముల నడుమ దూరమును గణించుటకును ఇదియే పునాది. అక్షాంశ రేఖాంశములను బట్టి, ఆ రెండు స్థలములును భూకేంద్రమువద్ద చేయు కోణమును కనుగొందురు. ఒక్కొక్క డిగ్రీకి సుమారు 111 కిలోమీటరుల చొప్పున గుణింతురు. ఢిల్లీ, న్యూయార్కు నగరములకు ఆ కోణము దాదాపు 106 డిగ్రీలు. కావున దూరము 11,700 కిలోమీటరులకు పైచిలుకు. గుండ్రని భూగోళపు బొమ్మపై ఈ రెండు నగరముల నడుమ దారము బిగించి చూచినచో, అది తిన్నగా పడమరకు పోక, ఉత్తరమునకు సాగి రష్యా మీదుగా మంచుసీమలను తాకి దిగును. కాగితపు పటముపై వంకరగా తోచు ఆ దారియే దగ్గరి దారి.

వార్ధక్యమున ఎరతోస్తనీసునకు కనుచూపు పోయెను. చదువులేని బ్రతుకు భరింపజాలక, ఆహారము మాని, క్రీ.పూ. 194 ప్రాంతమున తనువు చాలించెనని ప్రాచీనులు చెప్పిరి. ఇతని గ్రంథములు చాలవరకు నశించినవి. భూమిని కొలిచిన గ్రంథమును దక్కలేదు. తరువాతి కాలమువాడగు క్లియోమెడీసు ఆ పద్ధతిని తన పుస్తకమున వివరించి యుంచుటచేతనే అది మనకు తెలిసినది. ఒక పుస్తకమును భద్రపరచుట యెంతటి లోకోపకారమో పాఠకమహాశయులు దీనివలన గ్రహింతురు గాక!