విక్రమ్ సారాభాయి చరిత్రము

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. విద్యుత్తు పోయెను, టెలిఫోనులు మూగవోయెను, చెట్లు కూలి దారులు మూసికొనిపోయెను. ఏ యూరు మునిగినదో ప్రక్కయూరివారికే తెలియదయ్యెను. అట్టి దినమున మబ్బులకు పైనుండి నేలను చూచు సాధనము మన దేశమునకు కలుగుటకు దారి తీసిన మహనీయుని గూర్చి విద్యార్థులకు చెప్పదలచితిమి.

సారాభాయిగారు 1919 ఆగస్టు 12వ తేదీన అహమ్మదాబాదులో మిల్లు యజమానుల యింట జన్మించిరి. కేంబ్రిడ్జిలో చదువుచుండగా యుద్ధము వచ్చుటచే స్వదేశమునకు మరలి, బెంగుళూరున రామన్ గారి యొద్ద విశ్వకిరణములను పరిశోధించిరి. 1947లో కేంబ్రిడ్జి డాక్టరు పట్టము నొంది, ఆ యేటనే అహమ్మదాబాదున భౌతిక పరిశోధనాలయమును స్థాపించిరి.

కేరళమున తుంబా తీరమున రాకెట్టు కేంద్రమునకు స్థలము కావలసివచ్చెను. అచ్చటి క్రైస్తవులు మగ్దలేనే మరియ దేవాలయమును, బిషప్పు గృహమును విడిచి యిచ్చిరి. దేవాలయమే కర్మశాల యయ్యెను. రాకెట్టు భాగములు సైకిళ్లమీద పోయెడివి! 1963 నవంబరు 21న తొలి రాకెట్టు అచ్చటినుండి లేచెను.

పేదదేశమునకు రాకెట్టు లేల యని యాక్షేపించినవారు కలరు. ఆ ప్రశ్న తప్పని మేమనము. దాని కుత్తరము మన జిల్లాలోనే దొరకును. వాతావరణమునకు, వ్యవసాయమునకు, నీటివనరులకు అక్కరకు రావలెననియే ఈయన ఉపగ్రహములను కోరిరి. 1969లో ఇస్రో యేర్పడెను. 1971 డిసెంబరు 30న కోవళమున నిద్రలోనే ఈయన మరణించిరి. వయస్సు 52 ఏండ్లు. అప్పటికి మన ఉపగ్రహమొక్కటియు ఆకాశమున లేదు. ఆర్యభట్ట 1975లో, నేలను పరీక్షించు ఐ.ఆర్.ఎస్.-1ఏ 1988లో, మబ్బులగుండ చూడగల రాడారు ఉపగ్రహము రీశాట్-1 2012లో లేచినవి.

రాడారు తన కిరణములను ఏటవాలుగ నేలమీదికి పంపును. గరుకునేల వానిని త్రిప్పి పంపుటచే పటమున తెల్లగ నుండును. నిశ్చలమైన నీరు అద్దమువలె ఆవలికి త్రోసివేయుటచే నల్లగ నుండును. రాత్రియైనను, వానయైనను పని యాగదు. కాని సోంపేట బీలవంటి చిత్తడినేలలో వరద లేనప్పుడును నీరుండును గదా! అందుచే హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము వంటి సంస్థలవారు వరదకు ముందటి పటమును, తరువాతి పటమును పోల్చి, క్రొత్తగ నలుపెక్కిన తావును వరదగా గుర్తింతురు. ఒక్కొక్కప్పుడు నీట నిలిచిన జమ్ము, వరి కిరణములను త్రిప్పికొట్టి, మునిగిన చేనిని తెల్లగ చూపుటయు కలదు. అట్టిచోట మనుష్యుడు కాలినడకన పోయి చూడవలసినదే.