వైద్యవిజ్ఞాన తపస్వి – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

బోదకాలు నివారణకై ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది పంచే డి.ఇ.సి. మాత్ర మన నాందేడ్ జిల్లా ప్రజలకు కొత్తది కాదు. ఆ మాత్ర వెనుక ఒక తెలుగు శాస్త్రజ్ఞుని కృషి ఉన్నదని మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. బాల్యంలో చదువుపై మనసు నిలువక, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించి మరల బడికి పంపారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయాలు తప్పి, మూడవసారి మదరాసు హిందూ హైస్కూలులో చదివి ఉత్తీర్ణులయ్యారు. వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు శస్త్రవైద్య ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ రోజులలోనే ఇద్దరు సోదరులు కొద్దిరోజుల వ్యవధిలో మరణించారు. వారిలో పురుషోత్తంగారిని బలిగొన్నది స్ప్రూ అనే గ్రహణి వ్యాధి. దానికి అప్పుడు తగిన మందు లేదు.

మామగారి తోడ్పాటుతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయంతో 1923లో ఆయన అమెరికా చేరారు. బోస్టన్‌లో రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. ఫిస్క్‌తో కలిసి, రక్తంలో భాస్వరం ఎంత ఉన్నదో నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలబద్దతోనే ఒక గొప్ప రహస్యం బయటపడింది. కండరం కదలడానికి శక్తి ఎక్కడిది? భాస్వరంతో కూడిన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఎ.టి.పి.ని 1929లోను వారు వెల్లడించారు. అదే కాలంలో జర్మనీలో లోమాన్ కూడ ఎ.టి.పి.ని విడిగా కనుగొన్నారు. మనం వ్రాసే ప్రతి అక్షరానికీ, వేసే ప్రతి అడుగుకూ కణాలలో ఖర్చయ్యే శక్తి ఆ పదార్థం నుండి లభించేదే.

హార్వర్డ్‌లో స్థిరమైన ఆచార్య పదవి లభించకపోవడంతో 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. 1945 నాటికి ఆయన నేతృత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరుని కబళించిన స్ప్రూ వ్యాధికి అది మందయింది. అప్పటికి తమ్మునికి గాని అన్నకు గాని అది అందే కాలం దాటిపోయింది. తక్కిన లోకానికి మాత్రం అందింది.

ఇక్కడొక వింత గమనించండి. ఫోలిక్ ఆమ్లం కణాలు పెరగడానికి అవసరం. రూపంలో దానిని పోలి, గుణంలో దానికి ఎదురైన పదార్థాన్ని ఇస్తే, తాళంలో దొంగచెవి ఇరుక్కున్నట్లు రోగకణం పెరుగుదల ఆగిపోతుంది. అమినోప్టెరిన్ అనే అట్టి పదార్థాన్ని ఈ బృందమే అందించగా, బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ 1947లో రక్తక్యాన్సర్ పీడిత బాలలకు ఇచ్చారు. వ్యాధి కొంతకాలం తగ్గుముఖం పట్టింది. ఆ జాతికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. బోదకాలు మందు హెట్రాజాన్ కూడ 1947లోనే వెలువడింది; మనం చెప్పుకున్న డి.ఇ.సి. అదే. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను డగ్గర్ కనుగొన్నదీ ఆయన పర్యవేక్షణలోనే.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, అమెరికాలోనే ఆయన కన్నుమూశారు. స్వదేశానికి మరల రాలేదు. భార్య శేషగిరిగారిని తిరిగి చూడలేదు. నోబెల్ బహుమతి లభించలేదు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మృతిచిహ్నంగా తపాలాబిళ్ల విడుదల చేసింది.

ప్రతి పాఠశాల రిజిస్టరులోను తప్పినవారి పేర్లు ఉంటాయి. రెండుసార్లు తప్పిన ఆ భీమవరం బాలుణ్ణి తల్లి మూడవసారి బడికి పంపకపోతే లోకం ఎంత నష్టపోయేదో! ఫలితాల పట్టిక చేతికి వచ్చిన ప్రతి ఏడూ మన ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఈ మాట తలచుకొందురు గాక.